మందుల ప్రకటనలు - పత్రికల ఋణం

1959 డిసెంబరు 18వ తేదీన ఢిల్లీలో సర్వోన్నత న్యాయస్థానం ఒక వ్యాజ్యంలో తీర్పు చెప్పినది. వాదులలో ముఖ్యమైనది పాత ఢిల్లీ, లాల్ కువాలోని హమ్‌దర్ద్ దవాఖానా. ప్రతివాది భారత ప్రభుత్వం. మందుల ప్రకటనలను అదుపులో పెట్టడానికి 1954లో పార్లమెంటు చేసిన శాసనం, రాజ్యాంగం పౌరునికిచ్చిన వాక్స్వాతంత్ర్యానికి భంగకరమని వాదిపక్షం వాదించినది. కనుక న్యాయమూర్తులు ఒక మౌలికమైన ప్రశ్నకు సమాధానం చెప్పవలసి వచ్చినది: పత్రికలో అచ్చయ్యే మందు ప్రకటన రాజ్యాంగం ఉద్దేశించిన 'వాక్కు' అవునా, కాదా?

ఈ ప్రశ్న వైద్యులకు, వర్తకులకు మాత్రమే సంబంధించినదని పైకి తోచవచ్చును. కాని రచయితలకు ఇందులో ఉన్న సంబంధం తక్కువది కాదు. ఆ తీర్పుకు ముందు దాదాపు నూరు సంవత్సరాలు మందుల ప్రకటనలు పత్రికలను పోషించినవి. పత్రికలు కథను, వ్యాసాన్ని, విమర్శను పోషించినవి. మన ఆధునిక వాఙ్మయానికి అన్నం పెట్టిన చేతులలో మందుసీసా పట్టిన చేయి ఒకటి. ఆ ఋణం ఎటువంటిది, దానికి ఎవరు ఏమి మూల్యం చెల్లించినారు అన్నది విచారింపదగిన విషయం.

ముందుగా 'పేటెంటు మందు' అనే పేరును గురించి చెప్పుకొనవలె. ఈ పేరులోనే ఒక పొరపాటు ఉన్నది. పేటెంటు అనగా, కొత్త వస్తువును కనిపెట్టినవాడు దాని రహస్యాన్ని లోకానికి వెల్లడించినందుకు ప్రతిఫలంగా, కొంతకాలంపాటు ఆ వస్తువుపై ప్రభుత్వం అతనికిచ్చే హక్కు. ఈ మందుల యజమానులలో చాలామంది అటువంటి హక్కును కోరనేలేదు. కోరితే మందులో ఏమి కలిసినదో చెప్పవలసి వచ్చును. వారు కాపాడుకొన్నది మందు పేరును, సీసా ఆకారాన్ని, పై చీటీని, వ్యాపారముద్రను, దాచుకొన్నది యోగాన్ని. ఇంగ్లండులో 1783 నుండి ఇటువంటి మందులపై పన్ను ఉండేది. పన్ను కట్టినందుకు గుర్తుగా డబ్బామీద ప్రభుత్వపు బిళ్ళ అంటించేవారు. అది పన్ను రసీదు మాత్రమే. కాని కొనేవాని కంటికి అది ప్రభుత్వం ఇచ్చిన యోగ్యతాపత్రంవలె కనబడినది. అమ్మేవారు ఆ భ్రమను తొలగించడానికి ప్రయత్నించలేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ వ్యాపారానికి చక్రవర్తి అనదగినవాడు లండనులోని థామస్ హాలోవే (1800-1883). ఇతడు 1837లో ఒక లేపనంతో ప్రారంభించి, తరువాత మాత్రలు చేర్చినాడు. ప్రకటనల నిమిత్తం 1842లో 5,000 పౌన్లు, 1855లో 30,000 పౌన్లు వెచ్చించినాడని ప్రసిద్ధి. మందు వాడవలసిన విధానాన్ని అనేక భాషలలో అచ్చు వేయించి వలసరాజ్యాలకు పంపినాడు. ఆ మాత్రలలో ముఖ్యమైనది ముసాంబ్రం వంటి విరేచనద్రవ్యం. బీచమ్ మాత్రలు అనే మరియొక ప్రసిద్ధ ఔషధాన్ని బ్రిటిష్ వైద్యసంఘం పరీక్ష చేయించి, ఫలితాన్ని 1909లో ప్రకటించినది. వాటిలో ఉన్నవి ముసాంబ్రం, శొంఠి, సబ్బు. పదమూడున్నర పెన్నీలకు అమ్మే డబ్బాలోని సరుకు విలువ అర ఫార్దింగు, అనగా పెన్నీలో ఎనిమిదవ వంతు. అమ్మకపు వెల సరుకు వెలకు నూరు రెట్లకు పైగా ఉన్నదన్న మాట. ఈ వ్యత్యాసమంతా లాభం కాదు. అందులో పెద్ద భాగం ప్రకటనలకు పోయినది. రోగి కొన్నది మందుకంటె మాటలనే అధికంగా కొన్నాడు.

ఇటువంటి వ్యాపారానికి వలసరాజ్యాలు అనుకూలమైన క్షేత్రాలు కావడానికి కారణాలున్నవి. మొదటిది, రోగాలు నిజమైనవి. కలరా, చలిజ్వరం, గ్రహణి ఊళ్ళను ఊడ్చిపెట్టే కాలంలో ఆసుపత్రులు పట్టణాలకే పరిమితమై ఉండేవి. రెండవది, తపాలా. 1854లో దేశమంతటికీ అర్ధణా తపాలా వచ్చినది. 1877లో వి.పి.పి. పద్ధతి వచ్చినది. ఊరు కదలకుండా ఉత్తరం వ్రాసి, పార్సెలు చేతికి వచ్చిన తరువాత తపాలా బంట్రోతుకు పైకం చెల్లించే సౌకర్యం ఏర్పడగానే, కలకత్తాలోనో, బొంబాయిలోనో ఉన్న మందుల దుకాణం ప్రతి పల్లెకూ పొరుగు దుకాణమైనది. మూడవది, శాసనం లేకపోవడం. ఇంగ్లండులో 1858 నుండి వైద్యుల పేర్లకు పట్టిక ఉన్నది. పట్టికలోని వైద్యుడు తన్ను తాను ప్రకటించుకొనడం వృత్తిమర్యాదకు విరుద్ధమని అక్కడ క్రమంగా స్థిరపడినది. మన దేశంలో బొంబాయి రాజధానిలో 1912లో, మద్రాసు రాజధానిలో 1914లో గాని అటువంటి పట్టిక రాలేదు. అంతవరకు పేరుకు ముందు 'డాక్టరు' అని చేర్చుకొనడానికి ధైర్యం తప్ప వేరే అర్హత అవసరం లేకపోయినది.

ఈ దేశపు రోగాలను పేరుపెట్టి పిలిచిన విదేశీ మందులలో క్లోరొడైను చెప్పుకొనదగినది. జాన్ కాలిస్ బ్రౌన్ అనే సైనిక వైద్యుడు భారతదేశంలో పనిచేస్తూ 1848 ప్రాంతంలో దీనిని తయారు చేసినాడు. 1856 నుండి లండనులోని ఒక ఔషధవర్తకుడు దీనిని అమ్మసాగినాడు. నల్లమందు సారం, గంజాయి, క్లోరోఫారం ఇందులోని ప్రధాన ద్రవ్యాలు. నొప్పి తగ్గించి విరేచనాలను కట్టడం నల్లమందుకు సహజగుణం. కనుక వాడినవారికి తాత్కాలికమైన ఉపశమనం కలిగినది. కలరా క్రిమిని మాత్రం అది ఏమీ చేయలేదు. పైగా అలవాటు పడినవారు దానిని విడువలేకపోయినారు. 1864లో ఇదే పేరుతో మందు అమ్ముతున్న మరియొకరితో వ్యాజ్యం నడిచినప్పుడు, మందును మొదట కనిపెట్టినవాడు బ్రౌన్ అనడంలో సందేహం లేదని న్యాయాధిపతి అన్నాడు. ఆ మాట తరువాత అనేక సంవత్సరాలు ప్రకటనలలో అచ్చవుతూ వచ్చినది. న్యాయాధిపతి నిర్ణయించినది కర్తృత్వాన్ని. పాఠకుడు గ్రహించినది మందు గుణాన్ని. అబద్ధం ఒక్కటి కూడా చెప్పకుండా తప్పు నమ్మకం కలిగించడం ఎట్లాగో ఈ ఉదాహరణ చూపుతున్నది.

ఇటువంటి ప్రకటనలను వరుసగా చదివితే వాటికి ఒక నియతమైన నిర్మాణం ఉన్నట్లు తెలుస్తున్నది. మొదట రోగాల పట్టిక. తలనొప్పి నుండి సంతానహీనత వరకు ఒక్క సీసాలో ఇముడును. తరువాత గుణం పొందినవారి ఉత్తరాలు; వాటిలో ఒక జమీందారో, ఒక న్యాయవాదియో, దూరపు ఊరి ఉపాధ్యాయుడో తప్పక ఉంటారు. పిమ్మట నకిలీలను నమ్మి మోసపోవద్దనే హెచ్చరిక. నకిలీ ఉన్నదంటే అసలు గొప్పదన్న భావం దానంతట అదే కలుగుతున్నది. చివర వెల, తపాలా ఖర్చు, చిరునామా. మన స్తోత్రాలకు, వ్రతకథలకు చివర ఉండే ఫలశ్రుతి ఎరిగిన పాఠకునికి ఈ ధోరణి కొత్తది కాదు. ఫలశ్రుతి పుణ్యాన్ని వాగ్దానం చేస్తే ప్రకటన ఆరోగ్యాన్ని వాగ్దానం చేసినది. భేదమేమనగా, ఫలశ్రుతి విన్నవాడు దానిని భక్తితో విని ఊరుకొనవచ్చును. ప్రకటన చదివిన రోగి ఇంటిలో బిడ్డకు జ్వరం కాస్తుండగా చదువుతున్నాడు.

ఈ కొత్త పద్ధతి పాత వైద్యాన్ని ఎట్లా మార్చినదో చూడడానికి ఢిల్లీ నగరం తగిన స్థలం. బల్లీమారాన్ వీధిలోని షరీఫ్ మంజిల్ కొన్ని తరాల హకీములకు నివాసం. హకీము నాడి చూచి, రోగి ప్రకృతిని విచారించి, చీటీమీద 'నుస్ఖా' వ్రాసి ఇచ్చేవాడు. అత్తారు దుకాణంలో ఆ దినుసులను తూచి పొట్లం కట్టేవారు. మన వైద్యులు అనుపానం, పథ్యం చెప్పి మందు ఇచ్చే పద్ధతియే ఇది. ఆ చీటీ ఒక్క రోగికి, ఒక్క సమయానికి చెందినది. అందులో ఏమున్నదో అత్తారుకు తెలుసు. చదువు వచ్చిన రోగికీ తెలుసు. సీసాలోని మందు దీనికి పూర్తిగా విరుద్ధమైనది: రోగి ఎవరో వైద్యునికి తెలియదు, మందులో ఏమున్నదో రోగికి తెలియదు. ఇద్దరికీ మధ్య ఉన్నది అచ్చుకాగితం ఒక్కటే.

ఆ అచ్చుకాగితపు శక్తిని ఢిల్లీ హకీములు త్వరలోనే గ్రహించినారు. షరీఫ్ మంజిల్ కుటుంబం 1857 తరువాతి దశాబ్దాలలో 'అక్మల్-ఉల్-అఖ్బార్' అనే ఉర్దూ వారపత్రికను నడిపినది. ఆ ఇంటిలో 1868లో జన్మించిన హకీం అజ్మల్ ఖాన్ ఆ పత్రికకు వ్రాస్తూనే ప్రజాజీవితంలో ప్రవేశించినాడు. ఇరవయ్యవ శతాబ్దం మొదటి దశాబ్దంలో ఆయన స్థాపించిన హిందుస్థానీ దవాఖానా యునానీ, ఆయుర్వేద ఔషధాలను తయారుచేసి దేశమంతటికీ పంపినది. 1906లో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ హమ్‌దర్ద్ దవాఖానాను ప్రారంభించినాడు. మరుసటి ఏడు వచ్చిన రూహ్ అఫ్జా అనే పానకం ఈనాటికీ ఇంటింటా తెలిసినదే.

ఈ ఔషధశాలల ఆదాయం ఎక్కడికి పోయినదో గమనింపదగినది. కరోల్ బాగ్‌లోని ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలకు 1916లో పునాది పడినది. 1921 ఫిబ్రవరి 13న గాంధీజీ దానిని ప్రారంభించినారు. 1920లో ఏర్పడిన జామియా మిల్లియా ఇస్లామియాకు మొదటి కులపతి అజ్మల్ ఖాన్. 1925లో ఆ విద్యాపీఠం అలీగఢ్ నుండి ఢిల్లీకి తరలివచ్చినప్పుడు, నిధులు కరువైన ఆ రోజులలో, ఆయన తన సొంత ధనంతో దానిని నిలబెట్టినాడు. హమ్‌దర్ద్ 1948లో ధర్మసంస్థగా మారినది. దాని కృషి ఫలితంగా ఏర్పడిన జామియా హమ్‌దర్ద్‌కు 1989లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించినది. హాలోవే ధనంతో లండను సమీపంలో స్త్రీల కళాశాల 1886లో ప్రారంభమైన సంగతి ఇక్కడ జ్ఞప్తికి రాక మానదు.

ఢిల్లీలో మందు విద్యాలయాన్ని పెంచితే, కలకత్తాలో తలనూనె కథను పెంచినది. హేమేంద్రమోహన్ బోసు తన 'కుంతలీన్' తైలం పేరుతో 1896లో కథల పోటీ ప్రారంభించినాడు. కథలో తైలం ప్రసక్తి రావలెను. కాని అది ప్రకటన వలె కనబడరాదు. ఆ మొదటి ఏటి బహుమతి పొందిన కథలో, కలకత్తామీదికి వస్తున్న తుపాను ఒక సీసా తలనూనె సముద్రంలో పోయగా శాంతిస్తుంది. వ్రాసినవాడు మరెవరో కాదు, శాస్త్రజ్ఞుడు జగదీశచంద్ర బోసు. వంగభాషలో విజ్ఞానకల్పనకు తొలి రచనలలో ఒకటిగా విమర్శకులు దీనిని ఎంచుతున్నారు. 1903లో శరత్‌చంద్రుని 'మందిర్' కథకు వచ్చినదీ ఈ బహుమతియే. ఆయన దానిని బంధువు పేరుతో పంపినాడు.

తెలుగువారి కథ ఇంతకంటె దగ్గరిది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867-1938) బొంబాయిలో 1893లో అమృతాంజనం ప్రారంభించినారు. తొలిరోజులలో సంగీతసభలలో దానిని ఉచితంగా పంచిపెట్టేవారని చెప్పుకొంటారు. తలనొప్పికి పైపూత మందు. వాడినవానికి ఫలితం క్షణంలో తెలిసేది. కనుక వట్టి మాటలతో నిలిచిన వ్యాపారం కాదది. ఆ ధనంతో ఆయన 1908లో బొంబాయి నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించినారు. 1914లో మద్రాసులో దానిని దినపత్రిక చేసినారు. 1924లో 'భారతి' మాసపత్రిక స్థాపించినారు. ఆంధ్ర గ్రంథమాల నడిపినారు. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి మరణంతో ఆగిపోయిన విజ్ఞానసర్వస్వం పనిని మళ్ళీ చేపట్టినారు. 'భారతి'లో తన పేరు ఒక్కసారి అచ్చు చూచుకొంటే చాలునని తపించిన రచయితల తరాలున్నవి. ఆ పుటల కాగితపు ఖర్చు భరించినది ఆ చిన్న పసుపుపచ్చ డబ్బాయే.

మద్రాసులోనే డాక్టర్ కె. ఎన్. కేసరి (1875-1953) బాల్యంలోని పేదరికాన్ని దాటి వైద్యం నేర్చి కేసరి కుటీరం స్థాపించినారు. స్త్రీల ఔషధమైన 'లోధ్ర' దానికి ఖ్యాతి తెచ్చినది. ఆ ఆదాయంతో 1928లో 'గృహలక్ష్మి' పత్రిక వెలువడినది. రచయిత్రులకు ఆయన ఇచ్చిన గృహలక్ష్మి స్వర్ణకంకణం ఆనాటి స్త్రీల రచనకు దొరికిన అరుదైన గౌరవం. కనుపర్తి వరలక్ష్మమ్మగారు దానిని అందుకొన్నవారిలో ఒకరు. ప్రభుత్వపు అకాడమీలు లేని కాలంలో ఈ పనులన్నీ చందాల మీదనే జరిగినవనుకొంటే పొరపాటు.

ఇంతవరకు చెప్పినది ఋణంలో ఒక పక్షం. రెండవ పక్షం చెప్పకపోతే లెక్క పూర్తికాదు. పైన పేర్కొన్న దాతలు తమ మందును తామే తయారుచేసి, తమ పేరు పెట్టి, జీవితమంతా జనుల మధ్య నిలిచినవారు. కాని పత్రికలకు ప్రకటన పంపినవారందరూ అట్టివారు కారు. క్షయకు, కుష్ఠుకు, మధుమేహానికి, ఉన్మాదానికి రామబాణాలున్నవని వ్రాసినవారికీ అదే పుట, అదే అచ్చు దొరికినవి. పాఠకుడు మందు యజమానిని ఎరుగడు, పత్రికను ఎరుగును. ప్రకటనకర్త పత్రిక నుండి కొన్నది అంగుళాల కొలత గల ఖాళీస్థలం కాదు, పాఠకునికి ఆ పత్రికమీద ఉన్న నమ్మకం. చలిజ్వరానికి క్వినైను నిజమైన మందు. 1892 నుండి వంగదేశంలో తపాలా కార్యాలయాలలోనే దానిని చిన్న పొట్లాలుగా స్వల్పమైన వెలకు అమ్మినారు. ఆ పొట్లానికి కవిత్వం లేదు, జమీందారు ఉత్తరం లేదు. అదే తపాలా కార్యాలయానికి వి.పి.పి.లో వచ్చిన సర్వరోగనివారిణికి అన్నీ ఉన్నవి. ఆ సీసాను నమ్మి పొట్లాన్ని విడిచినవాడు పోగొట్టుకొన్నది డబ్బు మాత్రమే కాదు.

దీనిని గుర్తించి ఆచరణలో పెట్టిన సంపాదకుడు గాంధీజీ. 1912లో దక్షిణాఫ్రికాలోని 'ఇండియన్ ఒపీనియన్'లో ప్రకటనలు మానివేసినారు. 'యంగ్ ఇండియా', 'నవజీవన్' పత్రికలలోనూ అదే నియమం పాటించినారు. తిబ్బియా కళాశాల ప్రారంభోత్సవంలోనే, పాశ్చాత్య వైద్యాన్ని తాము విమర్శించినా ఆధునిక శాస్త్రజ్ఞుల పరిశోధనాసక్తికి నమస్కరిస్తున్నామని, మన వైద్యులలో, హకీములలో అది లోపించినదని నిర్మొహమాటంగా చెప్పినారు. అయితే ఆయన మార్గం అందరికీ సాధ్యమైనది కాదు. పంతులుగారు ప్రకటనను విడిచిపెట్టి ఉంటే ఆంధ్రపత్రిక ఉండేది కాదేమో.

కనుక శాసనం అవసరమైనది. 1930-31లో కర్నల్ ఆర్. ఎన్. చోప్రా అధ్యక్షతన ఒక సంఘం దేశంలోని మందుల స్థితిని విచారించినది. 1940లో మందుల శాసనం వచ్చినది. ప్రకటనల శాసనం 1954లో ఆమోదం పొంది, 1955 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. నిర్దిష్టమైన కొన్ని రోగాలకు మందు ఉన్నదని ప్రకటించడాన్ని, మందు గుణాన్ని గురించి భ్రమ కలిగించడాన్ని, తాయెత్తులతో, మంత్రాలతో రోగం కుదురుతుందని ప్రకటించడాన్ని అది నిషేధించినది. దానిమీదనే 1959 నాటి తీర్పు.

న్యాయమూర్తుల సమాధానం ఇది: ప్రకటన వాక్కు యొక్క ఒక రూపమే. కాని దేనిని సాధించడానికి దానిని వాడుతున్నారో, ఆ ప్రయోజనాన్నిబట్టి దాని స్వరూపం నిర్ణయం కావలె. భావాలను వ్యాపింపజేసే వాక్కు వేరు. ప్రజలు తమకు తామే అపాయకరంగా చికిత్స చేసుకొనేటట్లు ప్రేరేపించే వ్యాపారప్రకటన వేరు. రెండవదానికి వాక్స్వాతంత్ర్యపు రక్ష లేదు. అయితే అదే తీర్పు ప్రభుత్వానికీ హద్దు చూపినది. నిషిద్ధరోగాల జాబితాను ప్రమాణమేమీ లేకుండా అధికారులు పెంచుకొనే వీలు కల్పించిన భాగాన్ని, అదుపులేని స్వాధీనాధికారాన్ని ఇచ్చిన నిబంధనను కొట్టివేసినది. 1963లో పార్లమెంటు శాసనాన్ని సవరించినది. వ్యాపారవాక్కుకు సంబంధించిన విచారణ అంతటితో ముగియలేదు. 1995లో ఒక టెలిఫోను సూచికకు సంబంధించిన వ్యాజ్యంలో, వ్యాపారప్రకటన కూడా వాక్స్వాతంత్ర్యంలో భాగమేనని, మోసకరమైనదానిని అదుపు చేయవచ్చునని అదే న్యాయస్థానం చెప్పినది. వైద్యులకు 2002 నాటి నియమావళి రోగులను ఆకర్షించే ప్రకటనలను నిషేధిస్తూ, వృత్తి ప్రారంభించినప్పుడు, చిరునామా మార్చినప్పుడు, అటువంటి కొన్ని సందర్భాలలో మాత్రం తెలియజేయనిచ్చినది. 2022లో మందుల ప్రకటనలపై మరియొక వ్యాజ్యం సర్వోన్నత న్యాయస్థానానికి చేరినది. ప్రకటన మోసకరం కాదని ప్రకటనకర్తలు ముందుగా స్వయంగా హామీ ఇవ్వవలెనని 2024 మేలో న్యాయస్థానం ఆదేశించినది.

శాసనం శిక్షింపగలది అబద్ధాన్ని. క్లోరొడైను ప్రకటన వంటి నిజాన్ని, అనగా అబద్ధపు పని చేసే నిజాన్ని, శాసనం పట్టుకొనడం కష్టం. దానిని పట్టుకొనగలవాడు మాటల బరువు తెలిసినవాడు. ఆ ప్రకటనలను వ్రాసినవారూ రచయితలే. వారి పేర్లు మనకు మిగలలేదు, వాక్యాలు మిగిలినవి. పాత పత్రికలను భద్రపరిచేవారు కథలను, పద్యాలను కత్తిరించి ఉంచి, ప్రకటనల పుటలను పారవేయడం తరచు జరుగుతున్నది. ఆ పుటలు కూడా మన వాఙ్మయచరిత్రలో భాగమే. వాటిని కథల పక్కన పెట్టి చదివితే, మన భాష ఏ కాలంలో ఎవరికి ఏమి వాగ్దానం చేసినదో, ఆ వాగ్దానానికి ఎవరు వెల చెల్లించినారో స్పష్టంగా తెలియగలదు.